బీఎల్ఐఎస్సీలో నా ఏడాది: నంబరు వేయడం నుంచి పుస్తకం చేతికివ్వడం దాకా

గత నెలలో బీఎల్ఐఎస్సీ (డిగ్రీ తర్వాత చేసే లైబ్రరీ సైన్స్ కోర్సు, ఒక ఏడాది) రెండో సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. ఎంఏ తెలుగు అయ్యాక ఈ కోర్సులో చేరతానన్నప్పుడు మా ఇంట్లో అందరూ "లైబ్రరీకి చదువెందుకు?" అనే అడిగారు. ఇప్పుడు చేరాలనుకుంటున్న వాళ్లు నన్ను అడిగేవి వేరు. ప్రాక్టికల్స్ కష్టమా, తెలుగు మీడియం వాళ్లు నెగ్గుకురాగలరా, ఖర్చెంత, ఇంటర్న్‌షిప్‌లో ఏం చేయిస్తారు అని. వాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎంట్రన్స్ 2024 జూలైలో రాశాను. ర్యాంకు ఆగస్టులో వచ్చింది, సీటు మాత్రం సెప్టెంబర్ చివరి దాకా ఖరారు కాలేదు. ఆ మధ్యలో పుట్టిన టెన్షన్‌కి లెక్కలేదు. ఏదైనా ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేరిపోదామా అని రోజూ ఇంట్లో చర్చే. దసరా సెలవులు అయ్యాక, అక్టోబర్ నెలాఖరులో క్లాసులు మొదలయ్యాయి. అంటే ఎంట్రన్స్ రాసిన రోజు నుంచి క్లాసులో కూర్చోవడానికి మూడున్నర నెలలు. ఈ గ్యాప్‌ని ముందే లెక్కలో పెట్టుకోండి. ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, లైబ్రరీ డిపాజిట్ అన్నీ కలిపి దాదాపు రూ.15,000 అయ్యాయి. అసలు ఖర్చు హాస్టల్‌ది. యూనివర్సిటీ హాస్టల్‌లో గది దొరికేదాకా రెండు నెలలు ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో ఉన్నాను. ముగ్గురికి ఒక గది, నెలకు రూ.6,000.

మా బ్యాచ్‌లో బీకాం వాళ్లు, బీఎస్సీ వాళ్లు, బీటెక్ చేసిన ఒక అన్న, ఇప్పటికే స్కూల్ లైబ్రరీలో పని చేస్తూ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఇద్దరు అక్కలు ఉన్నారు. కాబట్టి ఏ డిగ్రీ చదివినా ఇబ్బంది లేదు. పాఠం అందరికీ కొత్తే.

మొదటి పేపర్ ఫౌండేషన్స్. దీన్ని చాలామంది థియరీయే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. నాకు మాత్రం మనసుకు బాగా పట్టింది ఈ పేపరే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గురించి మొదటి వారంలోనే చెప్పారు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వెళ్లి, ఆ పని నచ్చక, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని వెనక్కి వచ్చేశారట. ముందు లండన్ వెళ్లి ఈ విద్య నేర్చుకుని రండి, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అని నచ్చజెప్పి పంపారు. అలా వెళ్లిన మనిషి 1931లో పంచసూత్రాలు ప్రకటించారు. పుస్తకాలు ఉపయోగించడానికే. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. పాఠకుడి సమయం ఆదా చేయాలి. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. పరీక్షలో రాయడానికి ఐదు వాక్యాలు, ఐదు నిమిషాల్లో వచ్చేస్తాయి. వాటి అర్థం తెలియడానికి నాకు వేసవి దాకా పట్టింది, అది తర్వాత చెబుతాను.

గ్రంథాలయోద్యమం పాఠం వచ్చినప్పుడు క్లాసులో అందరం నిటారుగా కూర్చున్నాం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం, అయ్యంకి వెంకట రమణయ్య గారు జీవితమంతా దానికే పెట్టడం, నిజాం పాలనలో ఉన్న హైదరాబాదులో అంతకుముందే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలవడం, 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ తీసుకెళ్లడం. ఎంఏ తెలుగు చదివిన నాకు వీటిలో సగం తెలియదు. ఉద్యమం అంటే సభలు, తీర్మానాలు అనుకుంటాం. కాలువ గట్టున పడవ ఆగితే పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునే రైతులు కూడా అందులో ఉన్నారు.

గ్రంథాలయ చట్టాల పాఠం చప్పగా ఉంటుందనుకున్నాను. మద్రాసు చట్టం 1948, హైదరాబాదు చట్టం 1955, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1960 అని సంవత్సరాలు బట్టీ పట్టాల్సినవే. ఆ రోజు మేడమ్ ఒక పని చెప్పారు. "మీ ఇంటి పన్ను రసీదు ఫోటో తెప్పించుకోండి" అన్నారు. మా నాన్నకు ఫోన్ చేస్తే, ఎందుకో ఏమోనని కంగారుపడి, రెండేళ్ల రసీదులు పంపారు. అందులో ఇంటి పన్ను కింద ఇంకో వరుసలో గ్రంథాలయ పన్ను. రూపాయికి 8 పైసలు. మా నాన్న ఎప్పుడూ లైబ్రరీ గడప తొక్కలేదు, కానీ ఇన్నేళ్లుగా దానికి డబ్బు కడుతూనే ఉన్నారు. ఆ మాట చెబితే "మరి నేనూ వెళ్లొచ్చా?" అని అడిగారు. ఆ పన్ను స్థానిక సంస్థల చేతుల మీదుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అది సమయానికి చేరకపోతే ఏమవుతుందో వేసవిలో కళ్లారా చూశాను.

ఇక క్లాసిఫికేషన్, అంటే విషయాన్ని బట్టి ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇచ్చి అలమరలో చోటు చూపడం. ఎక్కువమంది భయపడేది దీనికే. భయం కొంతవరకు నిజమే. డ్యూయీ దశాంశ వర్గీకరణ 23వ ఎడిషన్ నాలుగు లావుపాటి సంపుటాలు. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్నవి తక్కువ సెట్లు, మేము ఎక్కువమందిమి. ఒక సెట్ చుట్టూ నలుగురైదుగురం చేరి పేజీలు తిప్పేవాళ్లం. సార్ బోర్డు మీద ఒక టైటిల్ రాస్తారు, దానికి నంబరు కట్టాలి.

నాకు ఈ విద్య అర్థమైన రోజు బాగా గుర్తుంది. డిసెంబర్‌లో ఒక శనివారం సార్ "తెలంగాణ చెరువులు, సేద్యపు నీరు" అని ఒక టైటిల్ ఇచ్చారు. బీటెక్ అన్న వెంటనే 627.52 అన్నాడు, ఇంజినీరింగ్ కింద నీటిపారుదల. బీఎస్సీ అగ్రికల్చర్ చేసిన అమ్మాయి ఒప్పుకోలేదు. చెరువు నీళ్లు పొలానికే కదా, వ్యవసాయం కింద 631.587 అంది. ఇంకొకరు ఇండెక్స్ వెతికి 333.913 పట్టుకొచ్చారు, అది వనరుల ఆర్థిక శాస్త్రం కింద. మూడూ షెడ్యూల్లో (ఆ సంపుటాల్లోని నంబర్ల జాబితాలో) ఉన్న నంబర్లే, మూడూ నీటిపారుదలే. గంట సేపు వాదించుకున్నాం. సార్ మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. చివరికి "పుస్తకం తెరిచి విషయసూచిక చూశారా?" అని అడిగారు. తూములు, కట్టలు, అలుగుల నిర్మాణం గురించి ఉంటే ఒక నంబరు, పంటకు నీరు పెట్టే పద్ధతుల గురించి ఉంటే ఇంకోటి, నీటి పంపకం గురించి ఉంటే మూడోది. డ్యూయీ పద్ధతిలో విషయం ఒకటే అయినా, దాన్ని ఏ శాస్త్రం కోణంలో రాశారో చూసి చోటు నిర్ణయిస్తారు. అది మేం వాదించుకుని తెలుసుకున్నాం కాబట్టి ఎప్పటికీ మరిచిపోం.

తర్వాత దానికి ప్రాంతం కలపాలి. 627.52కి 09 చేర్చి, రెండో టేబుల్ నుంచి ప్రాంతపు నంబరు తెచ్చి అతికించాలి. వెతికితే ఆంధ్రప్రదేశ్‌కు 5484 ఉంది. తెలంగాణ రాష్ట్రంగా లేదు. ఆ సంపుటాలు అచ్చయింది 2011లో, రాష్ట్రం వచ్చింది 2014లో. కాబట్టి మా రికార్డులో 627.52095484 అనే రాశాం. మారిన దేశపటం వర్గీకరణలోకి ఎక్కడానికి ఎప్పుడూ కొంత సమయం పడుతుందని, ఇప్పుడు ఆన్‌లైన్ వెర్షన్‌లో మార్పులు చేస్తూ ఉంటారని, దానికి చందా కట్టాలని సార్ వివరించారు. చిన్న లైబ్రరీలు ఆ చందా కట్టలేవు. పాత ఎడిషన్‌తోనే నెట్టుకొస్తాయి.

నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. డ్యూయీ పద్ధతిలో 800 సాహిత్యం. అందులో 810 అమెరికన్, 820 ఇంగ్లిష్, 830 జర్మన్, ఇలా యూరప్ భాషలకు ఒక్కోదానికి ఒక్కో గది. మిగిలిన ప్రపంచం మొత్తానికి చివరి గది, 890. అందులో మన తెలుగు 894.827. ఇంగ్లిష్ నవల 823 అయితే తెలుగు నవల 894.8273. పుస్తకం వీపు సన్నగా ఉంటే ఆ నంబరు లేబుల్ మీద రెండు వరుసలుగా విరిచి రాయాలి. పద్ధతి 1876లో అమెరికాలో పుట్టింది, అక్కడి బీరువాల్ని చూసి కట్టారు, అది అర్థం చేసుకోగలను. అయినా మొదటిసారి చూసినప్పుడు గుండె కలుక్కుమంది. తెలుగు పుస్తకాలే ఎక్కువగా ఉన్న లైబ్రరీల్లో భాష పేరుకు "తె" అని పెట్టి, దాని కింద ప్రక్రియను బట్టి వరసలు పెట్టుకుంటారని మేడమ్ చెప్పాక కాస్త ఊరట కలిగింది. లైబ్రరీ తన పాఠకుల కోసం పద్ధతిని సవరించుకోవచ్చు, కాకపోతే చేసిన సవరణను రాసిపెట్టి, అందరూ ఒకేలా పాటించాలి.

రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ ఇంకో లోకం. దాని ఆరో ఎడిషన్ పాత కాపీ ఒకటి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రూ.250కి దొరికింది, అది నా అదృష్టం. ఇందులో రెడీమేడ్ నంబర్లు ఉండవు. విషయాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు నంబరు తెచ్చి, కామా, సెమీకోలన్, కోలన్, చుక్క లాంటి గుర్తులతో కలుపుతాం. సాహిత్యంలో రచయితకు గుర్తు ఏమిటో తెలుసా? పుట్టిన సంవత్సరం! ఓ అంటే సాహిత్యం, 35 తెలుగు, కామా పెట్టి 2 అంటే నాటకం, ఎం62 అంటే 1862. అంటే గురజాడ. ఓ35,2ఎం62 అని బోర్డు మీద నేనే రాశాను, క్లాసంతా చప్పట్లు కొట్టారు. మన సాహిత్యం కూడా ఇంగ్లిష్ సాహిత్యంతో సమానంగా నిలబడింది. అయితే మన పాత కవుల దగ్గరకొచ్చేసరికి చిక్కే. వేమన ఎప్పుడు పుట్టాడో పండితులే తేల్చలేదు, మేమెక్కడ తేలుస్తాం? సార్ నన్ను ఆ వారమంతా తెలుగు సాహిత్య చరిత్రలు తిరగేయించి, ఏ కవికి ఏ కాలం రాయాలో జాబితా చేయించారు. ఎంఏ చదువు ఇలా పనికొస్తుందని నేను అనుకోలేదు.

కేటలాగింగ్ అంటే ప్రతి పుస్తకం వివరాలూ కార్డు మీద రాయడం. ఈ ప్రాక్టికల్‌కి మాత్రం ఓపిక కావాలి. కార్డు సైజు 12.5 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల వెడల్పు. రికార్డులో ఆ డబ్బా గీసి, ఎడమవైపు నిలువు గీతలు ఎర్ర ఇంకుతో గీసి, ఏ గీత దగ్గర మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెట్టి రాయాలి. ఫుల్‌స్టాప్ తర్వాత ఎంత ఖాళీ, గీత ముందు ఎంత ఖాళీ, అన్నిటికీ రూల్ ఉంది. ఈ రోజుల్లో కార్డులు ఎవరు వాడుతున్నారు అని మాలో చాలామంది విసుక్కున్నారు. నా అభిప్రాయం వేరు. చేత్తో కార్డు రాసినప్పుడే ఒక పుస్తకాన్ని ఎన్ని దారుల్లో వెతకొచ్చో తెలుస్తుంది. రచయిత పేరుతో ఒక కార్డు, టైటిల్‌తో ఒకటి, సహ రచయితకు ఒకటి, అనువాదకుడికి ఒకటి, విషయానికి ఒకటి. ఏ దారి మూసేసినా ఆ దారిలో వచ్చిన పాఠకుడు వట్టి చేతులతో వెళ్లిపోతాడు. ఇంకా రాని మనిషి ఎటు నుంచి వస్తాడో ముందే ఊహించి తలుపులు తెరిచి పెట్టడం, ఈ ఏడాదంతా మేం నేర్చుకున్నది అదే.

పేర్ల దగ్గరే తెలుగు పుస్తకాలకు అసలు పరీక్ష. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. కొన్ని లైబ్రరీల్లో ఇంటిపేరు కింద, కొన్నింటిలో అసలు పేరు కింద, ఒకే లైబ్రరీలో రెండు రకాలుగా కూడా చూశాను. కలం పేర్లు సరేసరి. శ్రీశ్రీ పుస్తకం వెతికేవాళ్లు శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతకరు. ఏఏసీఆర్-2 అనే కేటలాగింగ్ నియమాల ప్రకారం జనం ఏ పేరుతో ఎరుగుదురో దాని కింద ఎంట్రీ రాసి, అసలు పేరు నుంచి "అక్కడ చూడండి" అని దారి చూపే కార్డు పెట్టాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన రచయిత్రుల సంగతి ఇంకా కష్టం. మొదటి పుస్తకం పుట్టింటి పేరుతో, తర్వాతవి అత్తింటి పేరుతో. దారి చూపే కార్డు లేకపోతే ఒకే మనిషి ఇద్దరైపోతుంది.

మొదటి సెమిస్టర్ పరీక్షలు 2025 మార్చిలో జరిగాయి. ప్రాక్టికల్ పరీక్ష రోజు షెడ్యూల్ సంపుటాలు పంచుకుని వాడాలి. మనకు కావాల్సిన సంపుటం పక్కవాళ్ల చేతిలో ఉంటుంది, టైమ్ గడిచిపోతుంది. అందుకే జనవరి నుంచే ముఖ్యమైన టేబుల్స్, మెయిన్ క్లాసులు నోట్స్‌లో రాసుకుని నోటికి తెచ్చుకోండి. ఇండెక్స్‌లో ఇచ్చిన నంబరు నేరుగా రాయకుండా షెడ్యూల్లో చూసి రాయమని పదేపదే చెబుతారు, ఆ మాట వినండి. రిజల్ట్స్ కోసం రెండున్నర నెలలు ఆగాం. ఈలోగా రెండో సెమిస్టర్ క్లాసులు సగం పైగా అయిపోయాయి.

రెండో సెమిస్టర్‌లో కంప్యూటర్. లైబ్రరీ పనులు నడిపే కోహా అనే సాఫ్ట్‌వేర్ మీద నేర్పించారు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న లైబ్రరీ కోసం పుట్టి, ఉచితంగా ప్రపంచమంతా పాకింది. ల్యాబ్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికే మా బ్యాచ్‌కి దాదాపు రెండు వారాలు పట్టింది. ఎక్కడో ఒక కమాండ్ ఆగిపోయేది, మళ్లీ మొదటికి. అది అయ్యాక మార్క్ 21 ఫార్మాట్‌లో ఎంట్రీలు, అంటే పుస్తకం వివరాల్లో ఒక్కోదాన్ని ఒక్కో నంబరు ఉన్న గడిలో నింపడం. 100లో రచయిత, 245లో టైటిల్, 082లో డ్యూయీ నంబరు, 650లో విషయం. కార్డు రాసిన చేతికి ఇది వారంలో అలవాటైపోతుంది. కార్డు ప్రాక్టికల్ తప్పించుకున్నవాళ్లు ఇక్కడ తడబడ్డారు.

తెలుగు పుస్తకాలు ఎక్కించేటప్పుడు రెండు విషయాలు చూసి ఆశ్చర్యపోయాను. ఒకటి, తెలుగు టైటిల్స్ చాలా చోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు ఎక్కించారు. "జీవితం" అన్న ఒక్క మాటకే నాలుగు రకాల స్పెల్లింగులు కనిపించాయి. పాఠకుడు ఐదో రకంగా టైప్ చేస్తే పుస్తకం లేదని వస్తుంది, పుస్తకం మాత్రం అలమరలో ఉంటుంది. కొన్ని చోట్ల డీటీపీకి వాడే అను ఫాంట్లలో టైప్ చేసిన పాత జాబితాలున్నాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప వెతకడానికి పనికిరావు. రెండోది, వేరే లైబ్రరీల రికార్డులు తెచ్చుకునే పద్ధతి నేర్పినప్పుడు, మన తెలుగు పుస్తకాల వివరాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి వచ్చాయి. ఆ లైబ్రరీకి ఢిల్లీలో 1962 నుంచి ఆఫీసు ఉంది, భారతీయ భాషల పుస్తకాలు కొని పంపుతుంది. మా ఊళ్లో ఎక్కడా దొరకని తెలుగు పుస్తకం వివరాలు రోమన్ అక్షరాల్లో, పైన గీతలు, కింద చుక్కలతో పొందికగా ఉన్నాయి. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఆ రోజు నుంచి నేను ఎక్కించిన ప్రతి తెలుగు రికార్డులో టైటిల్ తెలుగు లిపిలో ఒకసారి, ఒకే నియమం పాటిస్తూ రోమన్‌లో ఒకసారి ఎక్కించాను. టైమ్ రెట్టింపు పడుతుంది, పడనివ్వండి.

ఏప్రిల్‌లో లైబ్రరీల సందర్శన. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చూడటానికి ఒక రోజంతా కావాలి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న పెద్ద భవనంలోకి తర్వాత మారింది. ఉర్దూ, పారశీకం, తెలుగు, మరాఠీ, ఇంగ్లిష్, ఇన్ని భాషల పుస్తకాలు ఒకే కప్పు కింద. అక్కడి నుంచి సుల్తాన్ బజార్‌లోని భాషా నిలయానికి వెళ్లాం. చుట్టూ బట్టల దుకాణాల సందడి, లోపల పాత పత్రికల బైండింగులు. పాఠంలో 1901 అని బట్టీ పట్టిన సంవత్సరం అక్కడ గోడ మీద, బల్లల మీద కనిపిస్తుంటే మాకెవరికీ మాట రాలేదు.

ఇంటర్న్‌షిప్ మే నెలలో, ఒక చిన్న పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో. డబ్బులేమీ ఇవ్వరు, బస్సు మహాలక్ష్మి పథకంలో ఉచితం కాబట్టి నాకు ఖర్చు భోజనానిదే. మొదటి రోజు పొద్దున ఎనిమిది గంటలకు వెళ్తే అప్పటికే గేటు బయట పాతికమంది దాకా నిలబడి ఉన్నారు. అందరూ గ్రూప్స్‌కి, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు. తలుపు తీయగానే కుర్చీల కోసం పరుగు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. లైబ్రరీ నుంచి వాళ్లకు కావాల్సింది కుర్చీ, ఫ్యాన్, నిశ్శబ్దం, పేపర్లు. అలమరల్లోని నవలలు, కథలు, శతకాలు ఎవరూ ముట్టుకోక దుమ్ము పట్టి ఉన్నాయి. గ్రంథాలయ పన్ను బకాయిలు రాక కొత్త పుస్తకాలు కొని చాలా కాలమైందని అక్కడి లైబ్రేరియన్ సార్ చెప్పారు. ఒక్కరే మనిషి. తలుపు తీయడం, పేపర్లు సర్దడం, రిజిస్టర్ రాయడం అన్నీ ఆయనే. ఆయన మీద నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

"ఏం చేద్దామమ్మా, నువ్వే చెప్పు" అన్నారు సార్ రెండో రోజు. ముందు పుస్తకాలన్నీ దించి తుడిచాం. పాత దానం పుస్తకాలు మూటలు కట్టి ఉంటే వాటిని లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లోకి ఎక్కించాను. తేదీ, వరస నంబరు, రచయిత, టైటిల్, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ఎలా వచ్చింది, ధర. టైటిల్ పేజీ వెనక ఒక ముద్ర, లోపల ఆ లైబ్రరీకి మాత్రమే తెలిసిన రహస్య పేజీ మీద ఇంకో ముద్ర. వెనక అట్ట లోపల తేదీ చీటీ, వీపు మీద లేబుల్. ఇవన్నీ క్లాసులో బొమ్మలు గీసి రాసినవే. చేత్తో చేస్తే వేళ్లకు జిగురు, ఇంకు.

తర్వాత ఒక బల్ల ఖాళీ చేయించి గేటు దగ్గర పెట్టాం. దాని మీద రోజూ ఓ పదిహేను పుస్తకాలు, అట్ట కనిపించేలా. పరీక్షలకు చదివేవాళ్లు టీకి లేచినప్పుడు అక్కడ ఆగుతారని నా ఆశ. మొదటి మూడు నాలుగు రోజులు ఎవరూ ఆగలేదు. వారం తిరిగేసరికి ఒకబ్బాయి కథల పుస్తకం తీసి నిలబడే నాలుగు పేజీలు చదివి, "మేడమ్, ఇది ఇంటికి ఇస్తారా?" అని అడిగాడు. సభ్యత్వం కార్డు రాశాం. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్న మూడో సూత్రం నాకు తలకెక్కింది ఆ బల్ల దగ్గరే. పుస్తకం అలమరలో ఉన్నంత మాత్రాన సరిపోదు, కంటపడాలి.

ఇంకో రోజు నలభై ఏళ్లు దాటిన ఒకామె వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"మేడమ్, పదో తరగతి పుస్తకాలు ఉన్నాయా?"

"ఉన్నాయక్కా, ఏ సబ్జెక్టు? పిల్లలకా?"

ఆమె కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకే" అంది.

పాఠకుల ప్రశ్నలకు సమాధానం వెతికిచ్చే రెఫరెన్స్ సర్వీస్ పాఠంలో, పాఠకుడు మొదట అడిగేది ఒకటి, అసలు కావాల్సింది ఒకటి ఉండొచ్చు, తొందరపడకుండా మాట్లాడండి అని చెప్పారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడితే తేలింది, ఆమెకు పుస్తకాల కన్నా ముందు ఓపెన్ స్కూల్‌లో ఎలా చేరాలో, ఏ కాగితాలు కావాలో, సెంటర్ ఎక్కడో తెలియాలి. ఫోన్‌లో వెబ్‌సైట్ తీసి చూపించాను, కావాల్సిన కాగితాల జాబితా చీటీ మీద రాసిచ్చాను, దగ్గర్లోని సెంటర్‌కి సార్ ఫోన్ చేసి కనుక్కున్నారు. పాఠ్యపుస్తకాలు తీసుకెళ్లింది. జూన్‌లో నేను వచ్చేసే ముందు మళ్లీ వచ్చి లెక్కల పుస్తకం మార్చుకుంది. ఈ కోర్సులో నాకు ఏ మార్కులు వచ్చినా, ఆ అరగంట నాకు వాటికన్నా ఎక్కువ.

రెండో సెమిస్టర్ పరీక్షలు ఆగస్టులో అయ్యాయి. రిజల్ట్స్ అక్టోబర్‌లో. సర్టిఫికెట్ల దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని, అది కట్టేదాకా మెమోలు ఇవ్వమని ఆఫీసులో చెప్పారు. ఇంట్లో సర్దుబాటు చేసి కట్టాం. ఆ డబ్బు తర్వాత అకౌంట్లో పడుతుందన్నారు, ఇంకా పడలేదు. రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు ఆ మొత్తం చేతిలో ఉంచుకోండి. మైగ్రేషన్, ప్రొవిజనల్ రెండూ ఒకేసారి అప్లై చేయండి, విడిగా పెడితే రెండుసార్లు ఎదురుచూడాలి.

చేరబోయేవాళ్లకు ఇంకొన్ని మాటలు. ఇంగ్లిష్ గురించి భయపడకండి. షెడ్యూల్స్ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కానీ వాటిలో ఉండేది మాటలు, నంబర్లు మాత్రమే, పేరాలు కావు. నెలలోపు అలవాటవుతుంది. ల్యాప్‌టాప్ ఉంటే రెండో సెమిస్టర్‌లో ఇంట్లోనే కోహా వేసుకుని ప్రాక్టీస్ చేయొచ్చు. లేకపోతే ల్యాబ్ టైమింగ్స్ కనుక్కుని మధ్యాహ్నాలు వెళ్లండి, అప్పుడు ఖాళీగా ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌కి పెద్ద లైబ్రరీ కోసం పోటీ పడకండి. చిన్న లైబ్రరీలో అన్ని పనులూ మీ చేతికే వస్తాయి. ఉద్యోగాల సంగతి నిజాయితీగా చెప్పాలంటే, ప్రభుత్వ నోటిఫికేషన్లు అరుదు. కాలేజీ పోస్టులకు దీని పై కోర్సు ఎంఎల్ఐఎస్సీతో పాటు నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష కావాలి. స్కూళ్లలో, ప్రైవేటు కాలేజీల్లో అవకాశాలున్నాయి, జీతాలు తక్కువ. ఇది తెలిసే చేరండి.

నేను ఎంఎల్ఐఎస్సీలో చేరాను, ఈ వారమే క్లాసులు మొదలయ్యాయి. ప్రాజెక్టుకు విషయం కూడా ఇచ్చాను: శాఖా గ్రంథాలయాల్లో తెలుగు పుస్తకాల జాబితాలను యూనికోడ్‌లోకి మార్చడం. ఇంటర్న్‌షిప్ చేసిన శాఖా గ్రంథాలయంలోనే చేస్తానని అక్కడి లైబ్రేరియన్ సార్‌కి ఫోన్ చేసి చెప్పాను, సంక్రాంతి సెలవుల్లో రమ్మన్నారు.